రిటైర్ అయినంక థాయ్‌లాండ్ సముద్రం ఒడ్డున హువా హిన్‌లో ఉండాలంటే: నల్గొండ, పాలమూరు వాళ్లు ఏం చేయాలి

మన నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి దిక్కు ఇప్పుడు రిటైర్ అయితున్న టీచర్లు, కరెంటు డిపార్ట్‌మెంట్ వాళ్లు, బ్యాంకు వాళ్లు చాలామందికి పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో సెటిల్ అయినరు, ఇంట్ల ఇద్దరే ఉంటున్నరు, పెన్షన్ వస్తది, కొంచెం పొలమో ప్లాటో ఉంటది. జీవితమంతా బోరు నీళ్ల కోసం, సాగర్ కాలువ కోసం ఎదురుచూసినోళ్లకు పొద్దున లేస్తే సముద్రం కనపడే చోట ఉండాలనిపించడంలో తప్పేం లేదు. మా అక్క, బావ అట్లనే థాయ్‌లాండ్‌లోని హువా హిన్‌కు పోయినరు, వాళ్ల కాగితాలన్నీ వెంటుండి చేయించిన, తర్వాత ఇంకో ఇద్దరు ముగ్గురికి కూడా చేయించిన. అందరూ అడిగేవి ఒకటే ప్రశ్నలు కాబట్టి ఒక్కచోట వరుసగా రాస్తున్న. నేను గట్టిగ చెప్పేది ఒకటే, ఇక్కడి ఇల్లు, భూమి, పెన్షన్ పక్కాగా సర్దుకున్నాకనే పొండి, అక్కడ అద్దెకే ఉండండి, ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు తాళం తీసుకునే ఇల్లు ఇక్కడ ఉండాలె.

ముందు ఇంట్ల మాట్లాడుకోండి

దీన్ని అందరూ దాటేసి వీసా గురించి అడుగుతరు, కానీ మొదటి మెట్టు ఇదే. మగవాళ్లకు సముద్రం, వాకింగ్, ప్రశాంతత అని ఉంటది. ఆడవాళ్లకు ముప్పై ఏండ్లు కట్టుకున్న వాడకట్టు ఉంటది, పక్కింటోళ్లు, గుడి, బతుకమ్మకు కలిసే దోస్తులు, చుట్టాల పెండ్లిళ్లు, అవన్నీ ఒక్కసారే పోతయి. ఆమెకు ఇంగ్లిష్ రాకపోతే అక్కడ మాట్లాడేందుకు మొగుడు తప్ప ఇంకో మనిషి ఉండడు. ఆమె మనస్ఫూర్తిగ సరే అంటేనే రెండో మెట్టు ఎక్కండి, "నువ్వెట్లంటే అట్ల" అనే జవాబును సరే కింద లెక్కేస్కోవద్దు. అట్లనే ఇంట్ల తల్లిదండ్రులు, అత్తమామలు బతికుంటే వాళ్లను ఎవరు చూస్కుంటరు అనేది కూడా అప్పుడే తేల్చుకోవాలె.

ఊరు ఎంచుకోవడం

థాయ్‌లాండ్ సముద్రం అనంగనే మనోళ్లకు పటాయా, ఫుకెట్ గుర్తొస్తయి. ముసలితనంలో ఉండడానికి రెండూ గొడవ గొడవగ ఉంటయి. హువా హిన్ బ్యాంకాక్‌కు దక్షిణంగా సుమారు 200 కిలోమీటర్లు, కారులో మూడు గంటలు చిల్లర. 1920ల చివర్ల రాజు ఏడో రామ అక్కడ క్లాయ్ కాంగ్వోన్ ప్యాలెస్ కట్టించుకున్నప్పటి నుంచి అది రాజకుటుంబం విడిది చేసే ఊరు, బ్యాంకాక్ పెద్దింటోళ్లు వీకెండ్‌కు వచ్చే ఊరు, అందుకే నీట్‌గ ఉంటది, హోటళ్లు ఖరీదు ఉంటయి, రాత్రిళ్లు గోల తక్కువ. యూరప్ రిటైర్డ్ వాళ్లు ఎన్నో ఏండ్ల నుంచి ఉంటున్నరు కాబట్టి ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకు, హాస్పిటళ్లకు మనలాంటోళ్లు కొత్త కాదు. బీచ్ తూర్పు ముఖం, పొద్దుపొడుపు సముద్రం మీద కనపడతది. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు డైరెక్ట్ ఫ్లైట్లు ఉన్నయి, నాలుగు గంటలు కూడా పట్టదు. మహబూబ్‌నగర్ వాళ్లకైతే 44వ నంబర్ హైవే మీద శంషాబాద్ ఇంకా దగ్గర.

మారిషస్ గురించి కూడా అడుగుతరు. అక్కడ తెలుగు మూలాలున్నోళ్లు తరతరాల నుంచి ఉన్నరు, ఉగాదికి సర్కారు సెలవు ఇస్తరు, గ్రాండ్ బే లాంటి మంచి సముద్రం ఊర్లు ఉన్నయి. కానీ ప్రయాణం దూరం, ఖర్చు ఎక్కువ, ఏదన్న అయితే ఇక్కడి నుంచి మనిషి తెల్లారేసరికి అక్కడ ఉండలేడు. నా ఓటు హువా హిన్‌కే.

ముందు పోయి ఉండి చూడండి, అదీ వానల్ల

అందరూ డిసెంబర్, జనవరిల పోతరు, చల్లగాలి, నీలం ఆకాశం, ఇగ ఇదే స్వర్గం అనుకుంటరు. మీరు అక్టోబర్‌లో పొండి. హువా హిన్‌లో వానలు గట్టిగ పడేది అక్టోబర్, నవంబర్ మొదట్లనే, కొన్ని వీధులల్ల నీళ్లు నిలుస్తయి, సముద్రం మురికిగ ఉంటది, వానకాలంల జెల్లీఫిష్ వస్తయి కాబట్టి నీళ్లల్ల దిగలేరు. ఏప్రిల్‌లో కూడా కొన్ని రోజులు చూడండి, మన నల్గొండ ఎండలంత డిగ్రీలు ఉండవు గానీ ఉక్కపోత చెమటకు బట్టలు అంటుకపోతయి. ఆ రెండు కాలాలు తట్టుకున్నోళ్లకు మిగతా ఏడాదంతా బాగుంటది.

2024 జులై నుంచి ఇండియా పాస్‌పోర్ట్ వాళ్లకు వీసా లేకుండా 60 రోజులు ఉండనిచ్చినరు, ఈ రూల్ వాళ్లు ఎప్పుడైనా మారుస్తరు కాబట్టి టికెట్ కొనేముందు థాయ్ ఎంబసీ సైట్ చూడండి. 2025 మే నుంచి దిగేముందు మూడు రోజుల్లోపల ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలె, దానికి ఫీజు లేదు, పైసలు అడిగే సైట్ కనపడితే అది దొంగ సైట్.

హోటల్‌లో కాకుండా అపార్ట్‌మెంట్‌లో ఉండండి. చాట్‌చాయ్ మార్కెట్‌కు పోయి కూరగాయలు కొని వండుకోండి, ఆకుపచ్చ సాంగ్‌థావ్ బండ్లు ఎయిర్‌పోర్ట్ దిక్కు నుంచి ఖావో తకియాబ్ కొండ దాకా తిరుగుతయి, మన షేర్ ఆటో లెక్కనే, వాటిల్ల తిరగండి, హాస్పిటల్‌కు పోయి షుగర్ టెస్ట్ చేయించుకోండి. మామూలు రోజు ఎట్లుంటదో తెలుస్తది.

కాగితాలు: అసలు ఆలస్యం ఇక్కడనే

మన తరం వాళ్లకు పుట్టిన తేదీ బడిల హెడ్‌మాస్టర్ రాసిందే, జూన్ 1, జులై 1 పుట్టినరోజులు ఊరికి సగం మందికి ఉంటయి. అది ఫర్వాలేదు, అన్ని కాగితాలల్ల అదే ఉంటే చాలు. సమస్య ఏడొస్తదంటే ఆధార్‌లో ఒక తేదీ, పెన్షన్ మంజూరు కాగితం పీపీఓలో ఒక తేదీ, పాస్‌పోర్ట్‌లో ఇంకోటి. పేర్లయితే ఇంకా ఘోరం, ఆమె పేరు ఆధార్‌లో లక్ష్మమ్మ, పాన్‌లో లక్ష్మి, పాస్‌బుక్‌లో మొగుడి ఇంటిపేరుతో ఒకటి, తల్లిగారి ఇంటిపేరుతో ఒకటి. ఒక బల్ల మీద అన్నీ పరిచి, ఒక తెల్లకాగితం మీద గీతలు కొట్టి, ఏ కాగితంల పేరు స్పెల్లింగ్ ఎట్లుంది, తేదీ ఏముంది అని రాస్కోండి. పాస్‌పోర్ట్‌ను మూలం చేస్కుని మిగతావన్నీ దానికి కలపండి. పాస్‌పోర్ట్ పని కోసం హైదరాబాద్ దాకా పోవాల్సిన పని లేదు, నల్గొండ, మహబూబ్‌నగర్ పోస్టాఫీసులల్లనే సేవా కేంద్రాలు పెట్టినరు.

పెండ్లి సర్టిఫికెట్. 1980లల్ల, 90లల్ల ఊర్ల పందిరి కింద పెండ్లి చేస్కున్నోళ్లకు సర్టిఫికెట్ ఎక్కడుంటది? కానీ అక్కడ మొగుడు రిటైర్‌మెంట్ మీద ఉంటే భార్య డిపెండెంట్‌గ ఉండొచ్చు, దానికి పెండ్లి రుజువు అడుగుతరు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల ఇప్పుడైనా పాత పెండ్లి రిజిస్టర్ చేస్తరు, పెండ్లి ఫోటో, కార్డు దొరికితే కార్డు, ఇద్దరి ఆధార్, వయసు రుజువు, సాక్షులు కావాలె. మా అక్క వాళ్ల పెండ్లి కార్డు దొరకలేదు, పాత ట్రంకు పెట్టెల అడుగున బ్లాక్ అండ్ వైట్ ఫోటో ఒక్కటి దొరికింది, అంచులు చెదలు తిన్నయి, దాన్నే స్టూడియోల కొత్తగ తీయించి పెట్టినం, పెండ్లికి వచ్చిన పెద్దమనుషులు వచ్చి సంతకాలు పెట్టినరు. ఆ సర్టిఫికెట్‌కు తర్వాత రాష్ట్ర సర్కారు అటెస్టేషన్, విదేశాంగ శాఖ అటెస్టేషన్, థాయ్ ఎంబసీ ముద్ర, ఈ వరుసల పోవాలె. కొన్ని నెలలు చేతుల పెట్టుకుని మొదలువెట్టండి.

వీసా: రెండు తోవలు

వయసు 50 నిండి ఉండాలె. మొదటి తోవ నాన్ ఇమ్మిగ్రెంట్ ఓ-ఏ, ఇది ఇండియాల ఉండంగనే తీసుకునేది, 2025 జనవరి నుంచి థాయ్ ఈ-వీసా సైట్‌లో ఆన్‌లైన్ అప్లికేషన్. దీనికి పోలీస్ క్లియరెన్స్, మెడికల్ సర్టిఫికెట్, హెల్త్ ఇన్సూరెన్స్ కావాలె. మెడికల్ సర్టిఫికెట్‌లో కుష్టు, టీబీ, బోదకాలు, ముదిరిన సిఫిలిస్, మత్తుమందుల అలవాటు లేవని డాక్టర్ రాయాలె. ఇన్సూరెన్స్ 30 లక్షల బాట్‌ల (బాట్ అంటే థాయ్‌లాండ్ పైసలు) కవరేజీ ఉండాలె, వయసు 65, 70 దాటినోళ్లకు ఆ ప్రీమియం చూస్తే గుండె గుభేలంటది.

రెండో తోవ, మామూలుగ దిగి, అక్కడ బ్యాంకుల పైసలు పెట్టి, ఇమ్మిగ్రేషన్ ఆఫీసుల నాన్ ఓ వీసాకు మార్చుకునుడు. ఫీజు 2,000 బాట్‌లు, 90 రోజులు ఇస్తరు, ఆ 90 రోజులు అయిపోకముందే 1,900 బాట్‌లు కట్టి ఏడాది ఎక్స్‌టెన్షన్ తీస్కోవాలె, తర్వాత ప్రతి ఏడాది అదే. దీనికి ఇన్సూరెన్స్ తప్పనిసరి రూల్ లేదు. ఈ తోవకు పోయేటోళ్లు దిగంగనే పని మొదలువెట్టాలె, మీకు ఇచ్చిన రోజులల్ల ఇంకా రెండు మూడు వారాలు మిగిలుండంగనే అప్లికేషన్ పెట్టాలె. టూరిస్టుగ వచ్చినోళ్లకు బ్యాంకు అకౌంట్ తెరిచేందుకు కొన్ని బ్రాంచిలు ఒప్పుకోవు, ఒకటి కాదంటే పక్క బ్రాంచికి పొండి, అద్దె అగ్రిమెంట్ చేతిల ఉంటే పని తొందరగ అవుతది.

రెండిట్ల దేనికైనా రిటైర్‌మెంట్‌కు పైసల రుజువు 8 లక్షల బాట్‌లు బ్యాంకుల, లేదా నెలకు 65,000 బాట్‌ల ఆదాయం. బాట్‌ను రెండున్నర నుంచి మూడు రూపాయల మధ్య లెక్కేస్కుంటే 65,000 అంటే లక్షా అరవై వేల పైనే, అంత పెన్షన్ మనల ఎంతమందికి ఉంది, కాబట్టి డిపాజిట్ తోవే మనకు. అది 20 నుంచి 24 లక్షల రూపాయలు. ఇక్కడ ఒక లెక్క బాగ గుర్తువెట్టుకోండి, ఎక్స్‌టెన్షన్‌కు అప్లికేషన్ పెట్టే రెండు నెలల ముందు నుంచి ఆ 8 లక్షలు అకౌంట్‌ల ఉండాలె, ఎక్స్‌టెన్షన్ వచ్చినంక ఇంకో మూడు నెలలు ముట్టుకోవద్దు, ఆ తర్వాత కూడా ఏడాది పొడుగునా 4 లక్షలకు తగ్గొద్దు. ఒక్క రోజు తగ్గినా మళ్లా ఏడాది రిన్యూవల్‌కు ఇబ్బంది అయితది. నన్నడిగితే ఆ పైసలు అసలు లేవనే అనుకోండి, ఖర్చుకు వేరే అకౌంట్ పెట్టుకోండి.

"మీ దగ్గర 8 లక్షలు లేకపోయినా మేము చూపెడతం" అని ఏజెంట్లు తగులుతరు. వాళ్ల జోలికి అస్సలు పోవద్దు. అది దొంగ పని, దొరికితే వీసా పోతది, మళ్లా ఆ దేశం గడప తొక్కనియ్యరు.

పైసలు పంపుడు

బయటి దేశాలకు పైసలు పంపే రిజర్వ్ బ్యాంక్ స్కీమ్ ఎల్ఆర్ఎస్ కింద ఒక మనిషి ఏడాదికి 2.5 లక్షల డాలర్ల దాకా పంపొచ్చు, మన లెక్కకు అది చాలా ఎక్కువ. చూడాల్సింది టీసీఎస్, అంటే పైసలు పంపేటప్పుడే బ్యాంకు ముందుగ పట్టుకునే టాక్స్. 2025 ఏప్రిల్ నుంచి ఆర్థిక సంవత్సరంల 10 లక్షల రూపాయలు దాటినంక పంపే మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ పట్టుకుంటది. అంటే ఒక్కరి పాన్ మీద 24 లక్షలు ఒకేసారి పంపితే దాటిన 14 లక్షల మీద 2 లక్షల 80 వేలు అదనంగ కట్టాలె. అది పోయిన పైసలు కాదు, రిటర్న్ వేసినప్పుడు టాక్స్‌ల సర్దుతరు లేదా రిఫండ్ వస్తది, కానీ అప్పటిదాకా చేతిల నుంచి పోయినట్టే. తొందర లేనోళ్లు మార్చిల 10 లక్షలు, ఏప్రిల్‌ల 10 లక్షలు పంపితే రెండు వేర్వేరు ఆర్థిక సంవత్సరాలు అవుతయి, టీసీఎస్ పడదు, మిగతాది తర్వాతి ఏడాది. ముందు నుంచి ప్లాన్ చేస్కున్నోళ్లకు ఇది చాలా ఉపయోగం. నగదు చేతిల మోసుకపోవుడు వద్దు, బయటి దేశం నుంచి బ్యాంకు ద్వారానే వచ్చినయని కాగితం ఉండాలె, ఆ కాగితం ఇమ్మిగ్రేషన్‌ల అడుగుతరు.

పెన్షన్, ఇక్కడి బ్యాంకు

మీరు అక్కడ స్థిరంగ ఉండేందుకు పోతే ఇక్కడి సేవింగ్స్ అకౌంట్‌ను ఎన్ఆర్ఓ (బయటి దేశంల ఉండేటోళ్లకు ఇక్కడుండే అకౌంట్) కింద మార్చుకోవాలె, పెన్షన్ అందులనే పడుతది. బ్యాంకుకు చెప్పకుండా పాత అకౌంట్‌నే నడిపిస్తే ఏం కాదులే అంటరు చాలామంది, అది విదేశీ మారకం చట్టం ఫెమా రూల్‌కు విరుద్ధం, వయసు మీదపడ్డంక నోటీసులు పట్టుకుని తిరిగే బాధ మనకెందుకు. ఎన్ఆర్ఓ వడ్డీ మీద టీడీఎస్ 30 శాతం పోతదని తెలుసుకోండి, ఎఫ్‌డీలు అందరి పేర్ల మీద ఎట్ల పెట్టాలో పోకముందే ఆలోచించండి.

థాయ్‌లాండ్‌ల ఒక క్యాలెండర్ సంవత్సరంల 180 రోజులు, ఆపైన ఉంటే వాళ్ల లెక్కల టాక్స్ రెసిడెంట్ అవుతరు, 2024 నుంచి బయటి ఆదాయం ఆ దేశంలకు తెచ్చుకుంటే దాని మీద కూడా టాక్స్ లెక్క ఉంటది. ఇండియాకు, థాయ్‌లాండ్‌కు మధ్య డబుల్ టాక్స్ ఒప్పందం ఉంది, సర్కారు పెన్షన్‌ను మామూలుగ ఇచ్చే దేశమే టాక్స్ వేస్తది. అయినా పోకముందు ఒకసారి మంచి సీఏ దగ్గర కూర్చుని మీ పెన్షన్, అద్దెలు, వడ్డీలు అన్నీ చెప్పి రాయించుకోండి, ఆ ఫీజు దగ్గర వెనకాడొద్దు.

లైఫ్ సర్టిఫికెట్ మరిస్తే పెన్షన్ ఆగుతది. సెంట్రల్ వాళ్లకు నవంబర్, రాష్ట్రం వాళ్లు మీ ఎస్టీఓ (సబ్ ట్రెజరీ) ఆఫీసుల తేదీలు అడిగి గోడ క్యాలెండర్ మీద రాస్కోండి. ఫోన్‌ల ఫేస్ తోటి ఇచ్చే సౌలత్ ఉంది, బ్యాంకాక్‌ల మన ఎంబసీ ఆఫీసర్ సంతకంతో కూడా ఇయ్యొచ్చు. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబర్ మాత్రం బతికుండాలె, రోమింగ్‌ల ఓటీపీ వస్తదా లేదా పోకముందే చూస్కోండి. పెన్షన్, బ్యాంకు, ఆధార్, భూమి రికార్డు అన్నీ ఆ ఒక్క సిమ్ మీదనే నడుస్తున్నయి.

పొలం, ఇల్లు

ఎన్ఆర్ఐ అయినంక ఉన్న వ్యవసాయ భూమి ఉంచుకోవచ్చు, కొత్తది కొనొద్దు, అది రూల్. కాబట్టి పక్క గట్టోళ్ల రెండెకరాలు కొనాలనుకుంటే పోకముందే కొనండి. కౌలుకు ఇచ్చేటోళ్లు నోటిమాట మీద ఇయ్యొద్దు, ఏడాదికి ఏడాది కాగితం రాయించుకోండి. పట్టా పాస్‌బుక్, సర్వే నంబర్, విస్తీర్ణం అన్నీ ఆన్‌లైన్ రికార్డుల మీ పేరు మీద సరిగ్గ ఉన్నయా చూసి ప్రింట్ తీసి పెట్టుకోండి, ప్లాటు ఉంటే చుట్టూ కడీలు పాతించి ఫోటోలు తీయండి. ఊర్ల మనిషి లేడని తెలిస్తే హద్దు రాయి జరగడానికి ఎంతో సేపు పట్టదు.

పవర్ ఆఫ్ అటార్నీ గురించి. మీ తమ్ముడికో, కొడుక్కో, ఎవరికిచ్చినా అన్ని పనులకు కలిపి జనరల్ ఇయ్యొద్దు, "కౌలు వసూలు, కరెంటు బిల్లు, ఆఫీసులల్ల నా తరఫున హాజరు" అని పని పేర్లు రాసి స్పెషల్ ఇయ్యండి, అమ్మే అధికారం రాయకండి. పోకముందే సబ్ రిజిస్ట్రార్ దగ్గర చేస్తే సులువు. అక్కడికి పోయినంక చేయాల్సొస్తే బ్యాంకాక్‌ల మన ఎంబసీల సంతకం పెట్టి పంపాలె, ఇక్కడ చేతికి అందిన మూడు నెలల లోపల స్టాంపు డ్యూటీ కట్టించాలె, లేకపోతే చెల్లదు. ప్రేమలు ఉంటయి, నమ్మకాలు ఉంటయి, అయినా కాగితం కాగితమే.

ఇల్లు అమ్మకండి. అద్దెకు ఇచ్చినా ఒక అర్ర మీకుంచుకోండి.

ఆరోగ్యం

సర్కారు ఉద్యోగులు, పెన్షనర్ల ఈహెచ్ఎస్ హెల్త్ కార్డు, ఆరోగ్యశ్రీ అక్కడ చెల్లవు. హువా హిన్‌ల బ్యాంకాక్ హాస్పిటల్, సాన్ పావ్లో, సర్కారు హువా హిన్ హాస్పిటల్ ఉన్నయి. ప్రైవేటుల వైద్యం బాగుంటది, బిల్లు కూడా అట్లనే ఉంటది. ఇన్సూరెన్స్ తీస్కునేటప్పుడు బీపీ, షుగర్, పాత స్టెంట్ ఏదీ దాచొద్దు, దాస్తే క్లెయిమ్ రోజు కొట్టేస్తరు. ఉన్న జబ్బులకు ఇన్సూరెన్స్ ఇయ్యకపోతే ఒక పదిహేను లక్షలన్నా హాస్పిటల్ పేరు మీద పక్కకు పెట్టుకోండి, అది లేనోళ్లు, డయాలసిస్ మీదున్నోళ్లు, గుండె బలహీనంగ ఉన్నోళ్లు పోకపోవుడే మంచిది, ఈ మాట బాధైనా చెప్పాలె.

మన మర్రిగూడ, మునుగోడు దిక్కోళ్లల్ల ఫ్లోరైడ్ నీళ్లు తాగి మోకాళ్లు, నడుము గట్టిపడ్డోళ్లు ఎంతోమంది ఉన్నరు. వాళ్లు ఇల్లు చూసేటప్పుడు లిఫ్ట్ ఉందా, బాత్‌రూంల పట్టుకునే కమ్మీ ఉందా, గేటు నుంచి రోడ్డు దాకా మెట్లెన్ని, ఇవి చూడాలె. అక్కడి ఫుట్‌పాత్‌లు ఎగుడుదిగుడు. మందులు మూడు నెలలకు సరిపడా, డాక్టర్ చీటీ ఇంగ్లిష్‌ల రాయించుకుని తీస్కపోండి, నిద్రమాత్రలు, బలమైన నొప్పి మాత్రలు కొన్నిటికి అక్కడ కట్టడి ఉంది కాబట్టి ముందే కనుక్కోండి.

ఒక గట్టి అట్ట మీద థాయ్ లిపిల మీ ఇంటి అడ్రస్, ఇంటి ఓనర్ ఫోన్, మీ జబ్బులు, మందుల పేర్లు, బ్లడ్ గ్రూప్ రాయించి ఇద్దరి దగ్గర చెరొకటి పెట్టుకోండి. అంబులెన్స్ 1669, పోలీస్ 191, టూరిస్ట్ పోలీస్ 1155.

ఇల్లు అద్దెకు

థాయ్‌లాండ్‌ల విదేశీయుడు భూమి కొనలేడు, కాండో ఫ్లాట్ కొనొచ్చు, ఒక బిల్డింగ్‌ల మొత్తం విస్తీర్ణంల 49 శాతం దాకా విదేశీయులకు. కొనమని చెవిల జోరీగ లెక్క చెప్పేటోళ్లు ఉంటరు, థాయ్ మనిషి పేరు మీద కంపెనీ పెట్టి విల్లా కొనిపిస్తం అంటరు, అది చట్టానికి విరుద్ధం. మొదటి రెండేండ్లు అద్దెనే. ఏడాది అగ్రిమెంట్‌కు రెండు నెలల అడ్వాన్స్, ఒక నెల అద్దె ముందుగ ఇచ్చుడు అక్కడి పద్ధతి. నవంబర్ నుంచి మార్చి దాకా చలిదేశాలోళ్లు దిగుతరు, అప్పుడు అద్దెలు ఎక్కువ, మే జూన్‌ల బేరమాడితే తగ్గుతయి. కరెంటు యూనిట్ సర్కారు రేటా, ఓనర్ రేటా అడిగి అగ్రిమెంట్‌ల రాయించండి, ఏసీ పొద్దంతా నడుస్తది కాబట్టి ఇదే పెద్ద తేడా. మీరు ఉంటున్నరని ఓనర్ 24 గంటలల్ల ఇమ్మిగ్రేషన్‌కు టీఎం30 అనే ఫారం తోటి తెలియజేయాలె, ఆ పని చేయనన్న ఓనర్ ఇంట్ల దిగొద్దు, ఆ రశీదు లేకుంటే వీసా పనులు నడవయి.

తిండి, తిరుగుడు

చింతపండు, కొబ్బరి, పచ్చిమిర్చి, మామిడి, అన్నం, అన్నీ మనకు తెలిసినవే. కానీ చాలా కూరలల్ల నామ్ ప్లా అనే చేప రసం, రొయ్యల ముద్ద పడతయి, కంటికి కనపడవు. శాకాహారులు "కిన్ జే" అని అడగాలె, పసుపుపచ్చ జెండా మీద ఎర్రక్షరాలున్న కొట్టు కనపడితే అక్కడ నిశ్చింతగ తినొచ్చు. జాస్మిన్ బియ్యం ముద్దగ అయితది, మిర్యాలగూడ సన్నబియ్యం తిన్న నోటికి నచ్చదు. సావో హై అని ఒక రకం దొరుకుతది, అది పొడిపొడిగ వస్తది, దాన్ని అడగండి. జొన్నపిండి, ఎల్లిపాయ కారం ఇక్కడి నుంచే. కరివేపాకు మొక్క మా అక్క బాల్కనిల పెరుగు డబ్బాల పెట్టింది, ఇప్పుడు కింది అంతస్తు థాయ్ ఆమె వచ్చి ఆకులు అడుక్కపోతది, బదులుగ పండ్లు ఇచ్చిపోతది.

పక్క జిల్లా ఫెచ్చబురిల ఎక్కడ చూసినా తాటిచెట్లే, తాటిబెల్లం, ముంజలు, మన నకిరేకల్ రోడ్డు మీద పోయినట్టే ఉంటది. హువా హిన్ నుంచి రైల్‌ల పోయి రావొచ్చు. 2023 డిసెంబర్‌ల కొత్త ఎత్తు స్టేషన్ తెరిచినరు, పాత చెక్క స్టేషన్, రాజుగారి వెయిటింగ్ రూం అట్లనే పక్కన ఉంచినరు, పొద్దుగూకినంక అక్కడ కూర్చుంటే బాగుంటది.

బండి నడిపేటోళ్లు ఇక్కడ ఆర్టీఏ ఆఫీసుల ఇంటర్నేషనల్ పర్మిట్ తీస్కపోండి, ఎడమ పక్క డ్రైవింగే. స్కూటర్ లైసెన్స్ లేకుండా నడిపి పడితే ఇన్సూరెన్స్ పైసా ఇయ్యదు. రాజకుటుంబం మీద ఒక్క మాట కూడా, ఫోన్‌ల కూడా వద్దు, జైలుకు పంపే చట్టం ఉంది.

ఏడాది తిప్పుడు

అక్కడ ఎడతెగకుండా ఉన్నంతకాలం ప్రతి 90 రోజులకు ఇమ్మిగ్రేషన్‌ల అడ్రస్ రిపోర్ట్ ఇయ్యాలె, గడువుకు 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తర్వాత దాకా ఇయ్యొచ్చు, దాటితే 2,000 బాట్‌ల జరిమానా. దేశం దాటేముందు రీఎంట్రీ పర్మిట్ తీస్కోవాలె, ఒక్కసారికి 1,000, ఎన్నిసార్లయినా అంటే 3,800 బాట్‌లు, అది లేకుండా విమానం ఎక్కితే ఏడాది ఎక్స్‌టెన్షన్ అక్కడికక్కడ రద్దు.

నేను చెప్పే తిప్పుడు ఇది. బతుకమ్మ ముందు ఇంటికి రండి, సద్దుల బతుకమ్మ, దసరా, దీపావళి, పాలమూరోళ్లయితే కురుమూర్తి జాతర చూస్కోండి, నవంబర్‌ల లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి, వరికోత అయినంక కౌలు లెక్క తీస్కుని, ఎఫ్‌డీలు సర్ది, పండ్లు, కండ్లు ఇక్కడి డాక్టర్‌కు చూపెట్టి తిరిగి పొండి. హువా హిన్‌ల అప్పుడే వానలు గట్టిగ ఉంటయి కాబట్టి పోగొట్టుకునేదేం లేదు. నల్గొండోళ్లు చెర్వుగట్టు జాతర కోసం మాఘమాసంల రావాలంటే మల్టిపుల్ పర్మిట్ తీస్కోండి. ఎక్స్‌టెన్షన్ గడువు మీరు ఇక్కడున్న నెలలల్ల పడకుండ మొదట్లనే తేదీ చూస్కుని అప్లికేషన్ పెట్టాలె, దీన్ని తర్వాత మార్చుడు కష్టం.

ఒకరు పోతే

ఇది మాట్లాడకుండ ఎవ్వరూ విమానం ఎక్కొద్దు. 8 లక్షల డిపాజిట్ ఒకరి పేరు మీదనే ఉంటది, ఆ మనిషి పోతే అకౌంట్ ఆగిపోతది, కోర్టు కాగితం వచ్చేదాకా భార్య చేతికి రాదు. అందుకని అక్కడి ఆస్తికి అక్కడనే థాయ్ భాషల వీలునామా రాయించండి, లాయర్ చేస్తడు, ఇక్కడి వీలునామా వేరు. ఇద్దరికీ చెరొక ఖర్చు అకౌంట్, అందుల మూడు నెలలకు సరిపోయే పైసలు ఎప్పుడూ ఉండాలె, ఏటీఎం తీసుడు, ఫోన్‌ల పైసలు పంపుడు ఇద్దరికీ రావాలె. పీపీఓల భార్య పేరు, పుట్టిన తేదీ సరిగ్గ ఉంటేనే ఫ్యామిలీ పెన్షన్ సులువుగ వస్తది. అంత్యక్రియలు అక్కడ బౌద్ధ గుడిల దహనం చేసి అస్థికలు తెచ్చుకోవచ్చు, లేదా శరీరాన్ని ఇంటికి తేవచ్చు, దానికి అక్కడి డెత్ సర్టిఫికెట్, మన ఎంబసీ అనుమతి, పాస్‌పోర్ట్ రద్దు కావాలె, ఖర్చు బాగనే అయితది. ఏది కావాలో ఇద్దరూ రాసి పిల్లలకు పంపండి, ఆ రోజు ఫోన్‌ల పిల్లలు వాదించుకోవద్దు.

వచ్చేయాలనుకుంటే

మోకాళ్లు సహకరించకపోయినా, మనవడు పుట్టినా, ఊరికే మనసు గుంజినా వచ్చేయండి, ఎవ్వరికీ జవాబు చెప్పాల్సిన పని లేదు. వచ్చే ముందు అక్కడుండంగనే బ్యాంకుకు స్వయంగ పోయి డిపాజిట్ మీ ఎన్ఆర్ఓ అకౌంట్‌కు పంపించి, అకౌంట్ మూసేయండి, ఇండియా నుంచి మూయాలంటే చాలా తిప్పలు. అద్దె అగ్రిమెంట్‌ల రాసినన్ని రోజుల ముందు ఓనర్‌కు నోటీస్ ఇచ్చి, అడ్వాన్స్ చేతికొచ్చినంకనే తాళం ఇయ్యండి, ఇంట్ల దిగిన రోజు తీసిన ఫోటోలు అప్పుడు పనికొస్తయి. ఇక్కడ దిగినంక ఎన్ఆర్ఓను మళ్లా మామూలు అకౌంట్‌గ మార్పించండి, స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీని సబ్ రిజిస్ట్రార్ దగ్గర రద్దు చేయించి, ఆ రద్దు కాపీ ఒకటి కౌలుదారుకు, ఒకటి మీ బ్యాంకు బ్రాంచికి ఇయ్యండి.